కొన్న గేము, కాపీ చేసుకున్న గేము: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వీడియో గేముల పైరసీ గురించి, డబ్బు చెల్లించి డిజిటల్ రూపంలో తీసుకున్న వస్తువు మీద మనకుండే హక్కు గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఉత్తరాలను కుదించాం. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో స్నేహితుడి హార్డ్‌డిస్క్ తెచ్చుకుని, అందులోని ఒక గేమును మా కంప్యూటర్‌లో వేసుకున్నాడు. దాని ధర దాదాపు నాలుగు వేల రూపాయలని తరవాత తెలిసింది. ఇది దొంగతనం కదా అంటే, "అమ్మా, కాపీ చేసుకున్నానంతే, ఎవరి దగ్గరా ఏదీ తగ్గలేదు. పైగా డబ్బు పెట్టి కొన్నా గేము మనది కాదు. ఆడుకోవడానికి అనుమతి ఇస్తారు, వాళ్లకు ఇష్టం లేనప్పుడు తీసేస్తారు. కొన్నదే మనది కానప్పుడు కాపీ చేసుకున్నది దొంగతనం ఎలా అవుతుంది?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. వాడి మాటలో నిజమెంత?
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: మీ అబ్బాయి రెండు వేర్వేరు వాదాలను ఒకటిగా కలిపేశాడమ్మా. విడదీసి చూస్తే మొదటిదానిలో కొంత నిజముంది, రెండోదానిలో చాలా నిజముంది. అయినా ఆ రెంటినీ ఆసరా చేసుకుని అతను చేరుకున్న నిర్ణయం మాత్రం నిలబడదు.

ఎవరి దగ్గరా ఏదీ తగ్గలేదన్న మాటను ముందుగా చూద్దాం. చట్టం కూడా కాపీ చేయడాన్ని, దొంగిలించడాన్ని వేర్వేరుగానే చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షన్ ప్రకారం దొంగతనమంటే ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తీసుకుపోవడం. గేము కాపీకి వర్తించేది అది కాదు, 1957 నాటి కాపీరైట్ చట్టం. అందుచేత అతన్ని దొంగ అనకండి. ఆ ఒక్క మాట తప్పని నిరూపించి, అసలు విషయాన్ని పక్కకు నెట్టేసే అవకాశం అతనికి దొరుకుతుంది.

అయితే ఏదీ తగ్గనంత మాత్రాన ఎవరికీ అన్యాయం జరగలేదని కాదు. మన ఊళ్లలో సంబరానికి తప్పెటగుళ్ల దళాన్ని పిలిపించేటప్పుడు ఇంటింటా చందా వేసుకుంటాం. చందా ఇవ్వని ఇంటివాళ్లు వచ్చి చూసినందువల్ల ఆట తరిగిపోదు, పక్కవాళ్లకు కనిపించకుండానూ పోదు. కానీ ప్రతి ఇల్లూ అలాగే అనుకుంటే మరుసటి ఏడు ఆ దళం మన ఊరు రాదు. గేము తయారీ ఖర్చు కూడా వేలమంది కొనుగోలుదారుల మధ్య పంపకమయ్యే ఖర్చే. మొదటి ప్రతి తయారు కావడానికి ఏళ్ల తరబడి జీతాలు పడతాయి, ఆ తరవాతి ప్రతులకు దాదాపు ఏమీ పడదు. కాపీ చేసుకునేవారికి ఆ రెండో ఖర్చు మాత్రమే కళ్లకు కనబడుతుంది. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న బృందం మన పురాణ కథల నేపథ్యంతో ‘రాజీ’ అనే గేమును తయారుచేసి 2020లో విడుదల చేసింది. అంతకుముందు, 2017లో, ఆ గేము కోసం ప్రజల నుంచి విరాళాలు సేకరించాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. అలాంటి బృందానికి కొనుగోలుదారుల డబ్బే ముఖ్య ఆధారం. మీ అబ్బాయి తెచ్చుకున్నది ఒక మహా సంస్థ గేమే కావచ్చు, కానీ హార్డ్‌డిస్క్‌లో పెద్ద సంస్థ గేమూ, చిన్న బృందం గేమూ ఒకే ఫోల్డర్‌లో చేతులు మారుతుంటాయి.

"ఎలాగూ నాలుగు వేలు పెట్టి కొనేవాణ్ని కాదు, కాబట్టి వాళ్లకు నష్టమేమిటి?" అని అతను అడగవచ్చు. ఇందులోనూ కొంత న్యాయముంది. ప్రతి కాపీనీ పోయిన అమ్మకంగా లెక్కగట్టి కోట్లలో నష్టాలు చూపే సంస్థల వాదాన్ని నేను ఒప్పుకోను. కానీ ఈ మాటలోని చిక్కు ఏమిటంటే, ఎవరికి వారు దీన్ని చెప్పుకోవచ్చు, ఎవరూ రుజువు చేయనక్కర్లేదు. కొనగలిగినవాడు కూడా ఇదే చెప్పి కొనడం మానేస్తాడు.

ఇక రెండో వాదం. కొన్న గేము మీద మనకు పూర్తి హక్కు ఉండదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కంప్యూటర్ గేముల అమ్మకంలో అన్నింటికంటే పెద్ద దుకాణమైన స్టీమ్ తన ఒప్పందంలోనే గేములను విక్రయించడం లేదని, లైసెన్సు, అంటే ఆడుకునే అనుమతి, మాత్రమే ఇస్తున్నానని రాసుకుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డిజిటల్ వస్తువును అమ్మేవారు, వినియోగదారుడికి దక్కేది లైసెన్సేనన్న సంగతిని కొనుగోలు సమయంలోనే స్పష్టంగా చెప్పాలని అది ఆదేశిస్తుంది. మైన్‌క్రాఫ్ట్ గేమును పాత ఖాతాలతో కొన్నవారు 2023 సెప్టెంబరు 19లోగా మైక్రోసాఫ్ట్ ఖాతాకు మారకపోతే, డబ్బు చెల్లించిన గేమునే పోగొట్టుకోవలసి వచ్చింది. 2009లో అమెజాన్ తాను అమ్మిన కొన్ని పుస్తకాలను పాఠకుల దగ్గరున్న, పుస్తకాలు చదువుకునే కిండిల్ యంత్రాల్లోంచి దూరం నుంచే చెరిపేసింది. డబ్బు తిరిగి ఇచ్చినా, ఇంట్లో ఉన్న పుస్తకాన్ని అంగడివాడు వచ్చి తీసుకుపోగలడన్న సంగతి ఆనాడే లోకానికి తెలిసింది.

ఇవన్నీ అన్యాయాలేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. కానీ ఈ అన్యాయం జరిగింది ఎవరికి? డబ్బు చెల్లించినవారికి. అమ్మినవాడు మాట తప్పితే కొన్నవాడికి ఫిర్యాదు ఉంటుంది. తాను కొన్నదాన్ని నిలబెట్టుకునే హక్కూ ఉంటుంది. అసలు కొనని మనిషికి ఆ ఫిర్యాదు దక్కదు. మీ అబ్బాయి ఇతరుల కష్టాన్ని తన వాదంగా వాడుకుంటున్నాడు. ఈ మాట అతనికి మెల్లగా, కోపం లేకుండా చెప్పండి, తప్పక ఆలోచిస్తాడు.

ఆ తరవాత డబ్బు సంగతి మాట్లాడండి. ఇంటర్ చదివే పిల్లవాడికి నాలుగు వేలు చిన్న మొత్తం కాదు, మీకూ కాదు. గేముల ధరలు కూరగాయల్లాగా రోజూ మారకపోయినా, విడుదలైన ఏడాది రెండేళ్లకు పండగ అమ్మకాల్లో సగానికీ, అంతకన్నా తక్కువకూ పడిపోవడం మామూలే. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే, డబ్బు వాపసు అడగవచ్చు. కంప్యూటర్ తట్టుకోలేని గేము కొని నష్టపోతామన్న భయం దీనివల్ల తీరుతుంది. పూర్తిగా ఉచితంగా ఇచ్చే మంచి గేములూ చాలా ఉన్నాయి. వచ్చే పుట్టినరోజుకు ఒక గేము అనుకుని అతన్నే ఎంచుకోనివ్వండి.

ప్రశ్న: నరసన్నపేటలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఆన్‌లైన్ దరఖాస్తులు, జెరాక్సులే మా ప్రధాన ఆదాయం. కుర్రాళ్లు హార్డ్‌డిస్క్ తెచ్చి గేములు ఎక్కించమంటే ఒక్కోదానికి వంద రూపాయలు తీసుకుని ఎక్కిస్తాను. నేను గేముకు డబ్బు తీసుకోవడం లేదు, నా శ్రమకూ కరెంటుకూ తీసుకుంటున్నాను. ఇందులో తప్పుందా?
– ఒక వ్యాపారి

జవాబు: ఉంది. మెత్తగా చెబితే మీకే నష్టం గనుక సూటిగా రాస్తున్నాను. మీ దగ్గరికి వచ్చే కుర్రవాడి పరిస్థితి వేరు, మీ పరిస్థితి వేరు. కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం తెలిసి హక్కుల ఉల్లంఘన చేసినవారికి, అందుకు సహకరించినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు చూపి శిక్ష తగ్గించే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. సాఫ్ట్‌వేర్ కాపీని వాడినవారి విషయంలో 63బి సెక్షన్ కూడా అలాంటి మినహాయింపే ఇస్తుంది. ఆ వంద రూపాయలు తీసుకున్న క్షణంలో మీరు ఆ మినహాయింపును వదులుకున్నట్టే. శ్రమకు తీసుకున్నానన్న వాదన అక్కడ నిలుస్తుందని నేను అనుకోను.

చట్టాన్ని పక్కన పెట్టినా మరో సంగతి ఉంది. క్రాక్ చేసిన, అంటే కాపీ కాకుండా పెట్టిన రక్షణను తీసేసిన, గేము ఫోల్డర్ తెరిస్తే చాలాసార్లు ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు కనిపిస్తుంది. అందులో మొదటి సూచన యాంటీవైరస్ ఆపేయమని, రెండోది అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే అన్ని అధికారాలూ ఇచ్చి, నడపమని ఉంటుంది. ఎవరు తయారుచేశారో తెలియని ప్రోగ్రాముకు ఇంటి తలుపులు తీసి, కాపలా మనిషిని కూడా పంపేయడమన్నమాట. మీ కంప్యూటర్లలో ఊరి జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌వర్డులు, ఉద్యోగ దరఖాస్తుల వివరాలు టైపు చేస్తారు. పెన్షన్ కోసం వచ్చే ముసలమ్మకు ఆ గేముతో ఏ సంబంధమూ లేదు, కానీ ప్రమాదం ఆమెకూ పొంచి ఉంటుంది.

మీ ఆదాయం పోకుండా వేరే దారి ఉంది. ఇప్పటి పెద్ద గేములు యాభై, వంద గిగాబైట్లు ఉంటున్నాయి. ఫోన్ డేటాతో వాటిని దించుకోవడం పల్లెటూరి పిల్లలకు సాధ్యం కాదు. వాళ్లు కొనుక్కున్న గేములను వాళ్ల ఖాతాతోనే మీ దగ్గర డౌన్‌లోడ్ చేయించి, హార్డ్‌డిస్క్‌లో బ్యాకప్ తీసి ఇవ్వండి. స్టీమ్ వంటివాటిలో ఆ సదుపాయం ఉంది. ఆ గేము కొన్న ఖాతా లేనిదే ఆ ఫైళ్లు పనిచేయవు గనుక దుర్వినియోగానికి తావుండదు. దానికి వంద కాదు, నూటయాభై తీసుకున్నా తప్పులేదు.

ప్రశ్న: రైల్వేలో పనిచేస్తున్నాను. దాదాపు పదేళ్ల కిందట ఒక రేసింగ్ గేమును డిస్కు రూపంలో కొన్నాను. నేనొక్కణ్నే ఆడుకునేవాణ్ని, అయినా ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకునేది. సంస్థ తన సర్వర్లు, అంటే గేమును నడిపించే తన కంప్యూటర్లు, మూసేయడంతో ఇప్పుడు అసలు తెరుచుకోవడం లేదు. డిస్కు బీరువాలో భద్రంగా ఉంది, ఒక్క గీత కూడా పడలేదు. అభిమానులు సొంతంగా సర్వరు తయారుచేసి ఇలాంటి గేములను నడిపిస్తున్నారట. దాన్ని వాడితే నేనూ పైరసీ చేసినట్టేనా?
– ఒక ఉద్యోగి, ఆముదాలవలస

జవాబు: నైతికంగా మీలో ఏ తప్పూ లేదని ముందుగానే చెబుతున్నాను. అడిగిన ధర చెల్లించారు, వస్తువును జాగ్రత్తగా చూసుకున్నారు, ఎవరికీ కాపీ చేసి ఇవ్వలేదు. మాట తప్పింది అవతలివారు.

అలా ఎలా జరుగుతుందో కొంచెం వివరిస్తాను. డిస్కులో బొమ్మలు, శబ్దాలు, రోడ్లు, కార్లు అన్నీ ఉంటాయి. కానీ గేమును మొదలుపెట్టే అనుమతి, మీరు ఎంతవరకు ఆడారన్న లెక్క, కొన్నిసార్లు ఎదురు పోటీదారుల కదలికలు కూడా సంస్థ సర్వరులో ఉండేలా కట్టారు. గేము తెరిచిన ప్రతిసారీ మీ యంత్రం ఆ సర్వరును పలకరిస్తుంది. అటునుంచి జవాబు రాకపోతే లోపలికి పోనివ్వదు. ఒంటరిగా ఆడే మనిషికి దీని అవసరం లేదు. పైరసీని ఆపడానికీ, ఆటగాళ్ల మీద అదుపు ఉంచుకోవడానికీ ఈ పద్ధతి పెరిగింది. దాని భారం మాత్రం నిజాయితీగా కొన్నవారి నెత్తిన పడింది.

ఈ విషయంలో లోకమంతా చెప్పుకునే ఉదాహరణ యుబీసాఫ్ట్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసిన ‘ది క్రూ’. 2023 డిసెంబరులో దాన్ని అమ్మకం నుంచి తీసేశారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఆ తరవాత కొన్నవారి ఖాతాల్లోంచి లైసెన్సును కూడా తొలగించారు. దీనిమీద ఆగ్రహించిన రాస్ స్కాట్ అనే వీడియోల రూపకర్త 2024 ఏప్రిల్‌లో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అనే ఉద్యమం మొదలుపెట్టాడు. ఐరోపా పౌరుల విన్నపంగా దానికి 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటాయి. సర్వర్లను శాశ్వతంగా నడపమని వాళ్లు అడగడం లేదు. మూసేసే రోజున గేమును ఏదో ఒక రూపంలో ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమని మాత్రమే అడుగుతున్నారు. ఇంతకంటే న్యాయమైన కోరిక నాకు కనిపించదు. ఇది సాధ్యం కాదనడానికీ వీల్లేదు, ఎందుకంటే ఈ విమర్శల తరవాత అదే సంస్థ ఆ వరుసలోని తరవాతి రెండు గేములకు ఆఫ్‌లైన్ విధానం తెస్తామని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. డబ్బు వాపసు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. సోనీ సంస్థ 2024 ఆగస్టులో విడుదల చేసిన ‘కాంకర్డ్’ గేమును ఆడేవారు లేక రెండు వారాలకే మూసేసి కొన్నవారందరికీ సొమ్ము తిరిగి ఇచ్చింది. గూగుల్ ఇంటర్నెట్ ద్వారా గేములు ఆడించే తన స్టేడియా సేవను 2023 జనవరిలో ఆపినప్పుడు కూడా గేములకు చెల్లించిన డబ్బు వాపసు చేసింది.

ఇక మన చట్టం. కాపీరైట్ చట్టం 52(1)(ఎఎ) సెక్షన్ ప్రకారం, సాఫ్ట్‌వేర్ ప్రతిని చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు దాన్ని ఏ పనికోసం సరఫరా చేశారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ చేసుకున్నా, అవసరమైన మార్పులు చేసుకున్నా, నష్టం నుంచి రక్షణగా బ్యాకప్ తీసుకున్నా ఉల్లంఘన కాదు. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్, కాపీ కాకుండా సాఫ్ట్‌వేర్‌లో పెట్టే రక్షణ తాళాలను ఛేదించడాన్ని నేరమంది గానీ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అని షరతు పెట్టింది. సొంత డిస్కును సొంతంగా ఆడుకోవాలనుకునే మనిషికి ఈ రెండు సెక్షన్లూ కొంత అండగా నిలుస్తాయి. అయితే అభిమానుల సర్వరు తయారీలో సంస్థ ఫైళ్లను వాడారా, సొంతంగా రాశారా అన్నదాన్ని బట్టి వాళ్ల పరిస్థితి మారుతుంది. దాన్ని దించుకునే ముందు తెలిసిన న్యాయవాదితో ఒక మాట మాట్లాడటం మంచిది.

మరో దారి వినియోగదారుల చట్టం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతును అనుచిత ఒప్పందంగా గుర్తించింది. అలాంటి ఒప్పందాల మీద ఫిర్యాదులు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళతాయి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. డబ్బు తిరిగి రావడం కష్టమే అనుకుందాం, అయినా ఇలాంటి ఫిర్యాదులు లెక్కలోకి వస్తేనే మన దేశంలోనూ ఎవరో ఒకరు ఈ సంగతి పట్టించుకుంటారు. కొన్న బిల్లు, డిస్కు పెట్టె మీది షరతుల ఫోటో, తెర మీద వచ్చే సందేశం ఫోటో దాచుకోండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు అధ్యాపకుణ్ని. పిల్లల ఆటల గురించి పత్రికలో ఇంత చర్చ అవసరమా? పాతవి పోతే కొత్తవి వస్తాయి. ఇందులో కాపాడుకోవలసిన సాహిత్యమో సంస్కృతో ఏమున్నదని?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, మీరు శ్రీకాకుళం నుంచి రాశారు గనుక మీ ఊళ్లోని తెలుగు కథల గ్రంథాలయం కథానిలయాన్నే జవాబుగా చూపిస్తాను. కథా రచయిత కాళీపట్నం రామారావు గారు తమకు పురస్కారాలుగా వచ్చిన డబ్బును వెచ్చించి 1997లో దాన్ని స్థాపించేనాటికి, తెలుగు కథల్లో ఎన్నో పాత పత్రికల పుటల్లో చిక్కుకుని మరుగున పడే స్థితిలో ఉన్నాయి. ప్రచురించిన సంస్థలు మూతబడ్డాయి, సంపాదకులు పోయారు. అయినా కథలు దొరికాయి. ఎందుకు దొరికాయంటే, ఎప్పుడో అణా పెట్టి ఆ పత్రిక కొన్న పాఠకుడు దాన్ని కుట్టించి అటక మీద దాచుకున్నాడు. ఆ ప్రతి అతనిది. ప్రచురణకర్త దివాలా తీసినా, మనసు మార్చుకున్నా, అతని అటక మీది పత్రికను ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. దాన్ని అతను ఇంకొకరికి ఇవ్వగలిగాడు, వారు కథానిలయానికి ఇవ్వగలిగారు. కొన్నవాడికి సంపూర్ణ హక్కు ఉండబట్టే కథానిలయం సాధ్యమైంది.

ఈనాటి పిల్లలు చూసే కథలు, వినే సంగీతం, మెచ్చుకునే చిత్రకళలో ఎంతో భాగం గేముల్లోనే ఉంది. అందులో చెత్త చాలా ఉంది, నిజమే. పాత పత్రికల్లోనూ ఉండేది, ఏది మిగలాలో ఆనాటివారికి ముందే తెలియలేదు. ఇప్పుడు ఆ మిగిలే అవకాశమే పోతోంది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు బజారులో కొనడానికి దొరకవు. 2023 మార్చి 27న నింటెండో సంస్థ తన 3డీఎస్, వీ యూ అనే గేము యంత్రాల డిజిటల్ దుకాణాలను మూసేసినప్పుడు, డిస్కుగానీ కార్ట్రిడ్జ్‌గానీ లేకుండా అక్కడ మాత్రమే అమ్మిన గేములను కొత్తగా కొనే దారి పూర్తిగా మూసుకుపోయింది. పరిశోధకులు గ్రంథాలయాలకు రాకుండానే దూరం నుంచి పాత గేములను పరిశీలించేందుకు అనుమతించమని కోరితే, అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో నిరాకరించింది. మన కాపీరైట్ చట్టం రచయిత మరణానంతరం 60 ఏళ్లు హక్కులను కాపాడుతుంది. గేము ప్రోగ్రామును కూడా సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. అంటే పదేళ్లకే అంగడిలోంచి మాయమయ్యే వస్తువుకు దాదాపు శతాబ్దం పాటు తాళం ఉంటుంది.

అందువల్ల ఎవరూ అమ్మని, అమ్మే ఆలోచన కూడా లేని పాత గేమును ఒకరు దాచిపెడితే, మరొకరు దాన్ని పొంది ఆడితే, చట్టం దృష్టిలో అది ఉల్లంఘన అయినా, బొబ్బిలి కుర్రవాడు చేసిన పనితో దాన్ని ఒకే గాటన కట్టలేను. అక్కడ చెల్లించవలసిన డబ్బు ఎగ్గొట్టడం ఉంది. ఇక్కడ చెల్లిద్దామన్నా తీసుకునేవాడు లేడు. కానీ ఈ తేడాను అడ్డుపెట్టుకుని, ఇంకా అమ్ముతున్న గేములను కూడా ‘పాతవి’ అని పేరుపెట్టి పంచేవారు ఉన్నారు. వాళ్లవల్ల నిజంగా భద్రపరిచేవారికి చెడ్డపేరు వస్తోంది. కథానిలయం వంటి ఒక సంస్థకు గేములను సేకరించి, భద్రపరచి, అధ్యయనానికి ఇచ్చే చట్టబద్ధమైన అధికారం ఉండాలన్నది నా అభిప్రాయం. ఆ అధికారం వచ్చేదాకా దొడ్డిదారిన సాగే సేకరణను మనసారా మెచ్చుకోలేను, మనసారా తప్పుపట్టనూలేను.

ప్రశ్న: హైదరాబాదులో ఉన్న మా బావ తన గేముల ఖాతా పాస్‌వర్డ్ నాకిచ్చాడు. ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు నేను ఆడతాను. ఇది తప్పా?
– డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: మీ బావగారు డబ్బు పెట్టి కొన్నదాన్ని ఒకరి తరవాత ఒకరు వాడుకుంటున్నారు. పుస్తకం అరువిచ్చినట్టే గనుక నైతికంగా నాకు తప్పు కనిపించదు. ఒప్పందం ప్రకారం మాత్రం పాస్‌వర్డ్ ఇతరులకు ఇవ్వకూడదు, బయటపడితే ఖాతా మూసేయవచ్చు. అప్పుడు నష్టపోయేది ఆయనే. స్టీమ్‌లో ఆరుగురి వరకు సభ్యులుగా చేరే కుటుంబ సదుపాయం ఉంది, కానీ అది ఒకే ఇంట్లో ఉండేవారి కోసమని నిబంధన. సెలవులకు ఆయన ఊరొచ్చినప్పుడు పక్కన కూర్చుని ఆడుకోవడం అన్నింటికన్నా సులువు. ఇంకో మాట, ఆ ఖాతాను అమ్మడానికిగానీ, వీలునామా రాసి ఇవ్వడానికిగానీ ఒప్పందం ఒప్పుకోదు. ఐరోపా న్యాయస్థానం 2012లో, శాశ్వత లైసెన్సుతో కొన్న సాఫ్ట్‌వేర్‌ను తిరిగి అమ్ముకోవచ్చని ఒక కేసులో తీర్పు చెప్పింది గానీ, అది మన దేశానికి వర్తించదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతూ ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చిన్న మొబైల్ గేము తయారుచేశాను. తొంభై తొమ్మిది రూపాయల ధర పెట్టాం. నెల తిరక్కముందే ఎవరో దాన్ని ఫోన్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ఉచిత ఏపీకే ఫైలుగా ఒక సైట్‌లో పెట్టారు. చాలా బాధగా ఉంది. గట్టి తాళం వేయమని కొందరు, వదిలేయమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
– విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా. పైరసీ వల్ల ఎవరికీ ఏమీ కాదనేవారు మీ ఉత్తరం చదవాలని నా కోరిక.

ముందు చేయవలసింది ఫిర్యాదు. 2013 నాటి కాపీరైట్ నియమాల్లో 75వ నియమం మీ వంటివారి కోసమే ఉంది. ఆ ఫైలును ఉంచిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అందులో మీ గేము వివరాలు, దానికి హక్కుదారు మీరేనన్న ఆధారాలు, ఉల్లంఘన ఏ చిరునామాలో ఉందో ఆ లింకు, న్యాయస్థానానికి వెళతామన్న హామీ ఉండాలి. సంస్థకు తృప్తి కలిగితే 36 గంటల్లోగా దాన్ని అందకుండా చేయాలి. 21 రోజుల్లోగా మీరు న్యాయస్థానం ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరిచే స్వేచ్ఛ వారికి ఉంటుంది. విదేశీ సైట్లు మన నియమాలను లెక్కచేయకపోవచ్చు, అలాంటప్పుడు గూగుల్ వంటి సెర్చ్ ఇంజిన్ సంస్థలకు ఫిర్యాదు చేసి ఆ లింకు కనబడకుండా చేయించవచ్చు. కాపీరైట్ రచన పుట్టినప్పుడే వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. అయినా సాఫ్ట్‌వేర్‌ను సాహిత్య రచన కింద 500 రూపాయల రుసుముతో నమోదు చేసుకుంటే రేపు ఆధారంగా పనికొస్తుంది. ముగ్గురూ కలిసి చేశారు గనుక ఎవరి వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి.

తాళం విషయంలో మాత్రం తొందరపడకండి. ఎంత గట్టి తాళం వేసినా తీయడమే పనిగా పెట్టుకున్నవారు తీస్తారు, ఆ తరవాత ఆ తాళంతో కుస్తీపట్టేది కొన్నవారే. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2008లో మొదలుపెట్టిన జీఓజీ దుకాణం గేములను ఏ రక్షణ తాళమూ లేకుండా, ఇంటర్నెట్ లేకపోయినా ఇన్‌స్టాల్ చేసుకోగలిగే ఫైళ్లుగా అమ్ముతోంది, ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. కొన్నవారికి పూర్తి ఫైలు ఇవ్వండి, ఇంటర్నెట్ లేకుండా ఆడుకోనివ్వండి. స్కోరుల కోసం సర్వరు పెట్టినా, ఏదో ఒకనాడు దాన్ని మూసేయవలసి వస్తే గేము మిగతా భాగం పనిచేసేలా ఇప్పుడే కట్టండి. తరవాత మార్చడం చాలా కష్టం. ఈ సంగతిని గేము వివరణలో రెండు వాక్యాల్లో రాసి, ఎవరు తయారుచేశారో, ఎంతకాలం పట్టిందో కూడా చెప్పండి. పైరసీ ఫైలు దించుకున్నవారిలో కొందరు తిరిగి వచ్చి ఆ తొంభై తొమ్మిది రూపాయలూ చెల్లించే అవకాశం అక్కడే ఎక్కువ. ఫిర్యాదు ముసాయిదా రాసి పంపితే, చట్టపరంగా ఏమైనా లోటుందేమో చూసి తిప్పి పంపుతాం.